బాపు ముట్టుకున్న మంచు

ఆ ఏడు చొప్పదండిలో నలభై ఆరు డిగ్రీల ఎండ కాసింది. ఆ ఎండల్లోనే మేము మా డాబా మీద నలభై రోజులు మంచుకు కాపలా కాశాం.

అప్పటికి నేను కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక సీసీ కెమెరాల దుకాణంలో చేరి రెండేళ్ళయింది. కిరాణా కొట్లకూ, గ్రానైటు కంపెనీల గేట్లకూ కెమెరాలు బిగించడానికి వేరే మనుషులున్నారు. పాడైపోయి వచ్చినవి విప్పి బాగుచేయడం నా పని. పొద్దున ఎనిమిది గంటల బస్సుకు పోయి సాయంత్రం ఆరింటి బస్సుకు తిరిగి వచ్చేదాన్ని.

ఏప్రిల్ మొదటి వారంలో ఒకామె దుకాణానికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి నా ముందు పెట్టింది. మూత పగిలిపోయింది, లోపలి బోర్డు తుప్పు పట్టింది, వైర్ల మధ్య బురద ఎండి గట్టిపడింది.

"దీన్ని యాడ వెట్టిన్రు మేడం, బాయిలనా?" అన్నాను.

"కొండ మీద," అని నవ్విందామె. "హిమాలయాలల్ల. చలికాలమంతా మంచు కిందనే ఉండె."

ఆమె పేరు దీక్షిత. లక్ష్మీకాంతరావు గారి అమ్మాయి అంటే మా చుట్టుపక్కల అందరికీ తెలుసు, పక్క ఊరి దొరల బిడ్డ. ఉత్తరాదిన ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం. కొండల మధ్య గడ్డకట్టి, కంటికి తెలియనంత మెల్లగా కిందికి జారే మంచునదులుంటాయి. అవి ఏటికేడు ఎంత తరిగిపోతున్నాయో కొలవడం ఆమె పని. పొడవూ వెడల్పూ ఒక్కటే కాదు, ఎత్తు ఎంత దిగింది, ఎక్కడ గుంత పడింది, ఎక్కడ ఉబ్బింది, అన్నీ కావాలి. అందుకు పనికొచ్చే పెద్ద కెమెరాలు ఉన్నాయట గాని వాటి ఖరీదు తలుచుకుంటేనే భయమట.

"నాకు అయిదు కావాలె. పాడైతే పాడైనయ్ తియ్ అనుకునేటంత చౌకవి," అంది. "కాని పాడు గావద్దు."

నాకు నవ్వొచ్చింది. మా దుకాణానికి వచ్చే ప్రతివాళ్ళూ అడిగేది సరిగ్గా అదే.

చేయగలనని చెప్పాను. అరచేతిలో పట్టేంత బోర్డు, ఫోన్లలో వాడే లాంటి చిన్న కెమెరా, ఒక సోలార్ పలక, బ్యాటరీ, గంటకొక ఫొటో తీసి దాచుకునే కార్డు. వీటన్నిటినీ కరెంటు పనివాళ్ళు వాడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నీళ్ళు దిగకుండా సీలు చేయాలి. దుకాణం సేటు నన్ను రెండు నెలలు ఆమె పనికే వదిలేశాడు. అయితే కెమెరాలు చేయగానే సరిపోదు, పని చేస్తున్నాయో లేదో చూడాలి. అందుకు కరుగుతున్న మంచు కావాలి.

"కొండమీది మంచు ఒక ఏడాదిల కరిగేది, మన ఎండకు మంచుగడ్డ ఒక్క పూటల కరుగుతది," అంది దీక్షిత. "ఒక్క పూటల ఏడాదిని చూసినట్టే."

ఆమె ఇంటి చుట్టూ మామిడి చెట్ల నీడ. దుకాణం మీద రేకుల కప్పు. మా డాబా మీద మాత్రం పొద్దు పొడిచిన దగ్గర్నించి కుంకేదాకా ఎండ తప్ప ఇంకేమీ ఉండదు. అట్లా మా ఇల్లు ఖాయమైంది.

దీక్షిత మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు మా నాన్న, మా బాపు, మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "రాండ్రి దొర్సానీ," అన్నాడు.

"అయ్యో, కూసో కాకా. నన్ను పేరువెట్టి పిలువు," అందామె.

బాపు కూర్చోలేదు, పేరు పెట్టి పిలవనూ లేదు.

అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. ఆమె ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చేతులు ఆపకుండానే అడిగింది, "ఒక్క మంచుగడ్డకు అయిదు కెమెరాలెందుకమ్మా? ఒక్కటి సాలదా?"

దీక్షితకు ఆ ప్రశ్న బాగా నచ్చింది. "అందరు చెయ్యి సాపి బొటనవేలు నిలవెట్టున్రి. ఒక కన్ను మూసి వేలును చూడున్రి. ఇప్పుడు గా కన్ను తెరిచి ఇంకోటి మూయున్రి. వేలు జరిగినట్టు కనవడ్తలేదా?"

"అవ్వో, జరిగింది!" అంది అవ్వ. బీడీ పక్కన పెట్టి మళ్ళీ చేసి చూసుకుంది.

"రెండు కండ్లు రెండు చోట్ల ఉన్నయి గదా, గందుకే జరిగినట్టుంటది. ఎంత జరిగిందో సూసి, ఏది దగ్గర, ఏది దూరమో మన తలకాయ లెక్క గడ్తది. కెమెరాలు గూడ అంతే. ఒక్కదానితోని బొమ్మ వస్తది గాని లోతు రాదు. నువ్వు గూడ సూడు కాకా."

బాపు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టాడు. అట్లాగే కాసేపు నిలబడి, మెల్లగా చెయ్యి దించాడు.

"ఆఁ, సూసిన. జరిగింది," అని లోపలికి పోయాడు.

నేనూ అవ్వా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మా వైపు మరమగ్గాన్ని సాంచె అంటారు. మూడేళ్ళ కిందట నడుస్తున్న సాంచె మీంచి దారం కండె మోసే నాడె ఎగిరొచ్చి బాపు ఎడమ కంటికి తగిలింది. కన్ను పోయింది. కుట్లు మానాక బాపు మళ్ళీ కార్ఖానాకు పోలేదు. "ఒక్క కన్ను సాలు, నాకేం ఫరక్ లేదు," అనేవాడు. కాని చాయ్ పోస్తే గ్లాసు పక్కన పడేది. మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు ఉందనుకుని ఒకసారి, లేదనుకుని ఒకసారి పడ్డాడు. ఆ తర్వాత అవ్వ నీళ్ళ గ్లాసు బాపు చేతికే అందించేది, బల్ల మీద పెట్టేది కాదు. బాపు మెట్ల దగ్గరికి పోతే నాకు ఏదో పని గుర్తొచ్చి ముందు నడిచేదాన్ని. ఇవి మేమెవరమూ పైకి అనలేదు. మూడేళ్ళూ అట్లాగే గడిచాయి.

మర్నాడు బస్టాండులో దీక్షితకు చెప్పాను. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"నల్లద్దాలు ఎండకనుకున్న భవ్యా. ఎంత పని జేసిన!"

"మీకు తెల్వదు గదా మేడం."

"మేడం అనకు. అక్కా అను," అంది ఏడుపుగొంతుతో.

మంచుగడ్డలు ఎవరు తెస్తారన్నది తర్వాతి ప్రశ్న. ఊరి చివర, చేపల బండ్లకు మంచు పంపే ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఆటోవాడిని మాట్లాడదామని నేను అంటుంటే మంచం మీంచి బాపు గొంతు వినిపించింది.

"నేను తెస్త."

గల్లీ దాటి పోయి నెలలైన మనిషి.

కూరగాయల దేవవ్వ పొద్దుటి బేరం అయిపోగానే తన తోపుడుబండి ఇచ్చేది. బాపు గోనెసంచిలో ఊక పోసి, అందులో మంచుగడ్డ పెట్టి, పైన ఇంకో సంచి కప్పి తోసుకొచ్చేవాడు. రెండు చేతులూ బండి మీద, చూపు నేల మీద. దారిలో గుంత వస్తే ముందు బండి చక్రానికి తెలుస్తుంది, ఆ తర్వాతే బాపు కాలికి. ఆ సంగతి నాకు చాలా రోజులకు గాని తట్టలేదు.

గడ్డను డాబా నడుమ చెక్క మీద పెట్టేవాళ్ళం. ఉత్త మంచు తళతళమంటుంటే కెమెరాలకు గుర్తులు దొరకవు. కొండమీది మంచు మీద మట్టీ రాళ్ళూ ఉంటాయని చెప్పి, దీక్షిత దాని మీద అవ్వ పొయ్యిలోని బూడిద, కాస్త కంకర చల్లేది. చుట్టూ ఐదు ఇనుప పైపుల మీద ఐదు కెమెరాలు. పది నిమిషాలకొకసారి ఐదూ ఒక్కసారే టిక్కుమనేవి. మేము నీళ్ళ ట్యాంకు కింద జానెడు నీడలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. కరిగిన నీళ్ళు డాబా గొట్టంలోంచి కింద వాకిట్లోకి పడేవి. అవ్వ అక్కడ ఒక టబ్బు పెట్టి, ఆ చల్లటి నీళ్ళలో పాదాలుంచి బీడీలు చుట్టేది. "నాకు గీ సర్కారు నౌకరి బాగున్నది," అనేది. ఆ నెలలో చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వంతులేసుకుని మా టబ్బు దగ్గరికి వచ్చారు.

కాని పని సాగలేదు. ఐదు ఫొటోల్లోనూ ఒకే రాయిని, ఒకే మచ్చను వెతికి పట్టుకుని కంప్యూటరు మంచు ఆకారాన్ని కడుతుంది. పొద్దుటి ఫొటోలతో బొమ్మ బాగానే వచ్చేది. మధ్యాహ్నం ఫొటోలు కలపగానే చినిగిన బట్టలాగా అయిపోయేది. కరిగి తగ్గాల్సిన చోట మంచు పెరిగినట్టు చూపించేది. కెమెరాల గడియారాలు తప్పుతున్నాయేమోనని మార్చాను. ఎండకు బోర్డులు వేడెక్కుతున్నాయని డబ్బాలకు తెల్ల రంగు వేశాను. రెండు వారాలు పోయాయి. దీక్షిత మాట్లాడటం తగ్గించింది. జూన్ మధ్యలో కొండ దారి తెరుచుకుంటుంది; అప్పటికి కెమెరాలు సిద్ధం కాకపోతే ఈ ఏడు కొలత లేనట్టే.

ఒకరోజు మధ్యాహ్నం నేను ఫొటోలను ఒకదాని తర్వాత ఒకటి గబగబా తిప్పుతున్నాను. బాపు మజ్జిగ తెచ్చి వెనక నిలబడ్డాడు.

"మంచును సూస్తున్నరు మీరు," అన్నాడు. "ఎనుక ట్యాంకును సూడున్రి."

"ట్యాంకుకేమైంది బాపూ?"

"పొద్దున ఫొటోల ట్యాంకు అంచు గీ మూలకు ఆనుకొని ఉన్నది. పగటీలి ఫొటోల పోగంత సందు వచ్చింది. ట్యాంకు నడుస్తదా? కెమెర నడిచింది."

దీక్షిత కళ్ళు లాప్‌టాప్‌కు ఆనించినంత దగ్గరికి పోయి చూసింది. నిజమే. వెంట్రుక వాసి సందు. ఐదింటిలో రెండు కెమెరాల ఫొటోల్లోనే ఉంది, పడమటి పిట్టగోడకు కట్టినవి.

"ఎట్ల కనవడ్డది కాకా నీకు?"

"ముప్పై ఏండ్లు బట్టల ఒక్క పోగు తప్పిందా అని సూసుడే గదా నా పని," అన్నాడు బాపు. పైపు దగ్గరికి పోయి చెయ్యి వేసి వెంటనే తీసేశాడు. "గిదీ సంగతి. ఎండ వడ్డ దిక్కు ఇనుము సాగుతది, నీడ దిక్కు సాగది. పైపు వంగుతది. రేకుల షెడ్డుల సాంచెలు గూడ గంతే, పొద్దున బిగించినట్టు పగటీలి ఉండయి."

ఆ సాయంత్రమే బాపు పైపులకు తడిగోనె చుట్టాడు, పైన తెల్లబట్ట కప్పాడు. ఒక్కో పైపుకు మూడు దిక్కుల నుంచి తాళ్ళు లాగి కట్టాడు. తాడు లాగి, వేలితో మీటి, చెవి ఒగ్గి విని, మళ్ళీ కాస్త లాగేవాడు. మూడు తాళ్ళూ ఒకే తీరుగా మోగితేనే వదిలేవాడు. కొండమీద తడిగోనె గడ్డకడుతుంది కదా అని నేనంటే, "ఆడ ఒట్టి గోనె సాలు. తాళ్ళే అసలు," అన్నాడు. తాను అక్కడికి పోయి వచ్చినట్టే చెప్పాడు.

మర్నాడు పొద్దుగూకే వేళకు మొదటిసారి బొమ్మ కుదిరింది.

నలుగురం డాబా మీదే ఉన్నాం. లాప్‌టాప్ తెర మీద మంచుగడ్డ తేలింది, ఫొటోలాగా కాదు, నిజంగా అక్కడ ఉన్నట్టు. దీక్షిత దాన్ని వేలితో తిప్పింది. గడ్డ మెల్లగా తిరిగింది. వెనక వైపు కనిపించింది, మీది గుంతలు కనిపించాయి, బూడిద మందంగా పడిన చోట ఒక చిన్న లోయలాంటిది కనిపించింది.

బాపు వంగి చూస్తున్నాడు. నల్ల కళ్ళద్దాలు తీసేశాడు. బయటివాళ్ళ ముందు తీయడం అదే మొదలు.

"మళ్ళ తిప్పు," అన్నాడు.

దీక్షిత తిప్పింది.

"గిది గుంత," అన్నాడు. "గిది మిట్ట. గీడ అంచు సన్నగున్నది, ఇరుగుతది." వేలు తెరకు తగలకుండా గాల్లోనే ఆ అంచు వెంట నడిపాడు. "మళ్ళొక్కసారి తిప్పు."

ఎన్నిసార్లు తిప్పిందో లెక్కలేదు. అవ్వ పిట్టగోడ వైపు తిరిగి, ఎండిన బట్టలు తీస్తున్నట్టు నిలబడింది. తీగ మీద బట్టలేమీ లేవు.

దీక్షిత తెర మీంచి చూపు తిప్పకుండా, ఎవరికో మామూలుగా చెబుతున్నట్టు అంది, "తిరుగుతుంటే ఒక్క కంటికైన లోతు తెలుస్తది కాకా. వస్తువన్న తిరగాలె, లేకుంటే మనమన్న జర జరగాలె. ఒక్కటే కెమెరాను అటొకసారి ఇటొకసారి వెట్టి తీసినా బొమ్మ వస్తది."

మర్నాడు పొద్దున బాపు చాయ్ పోసుకుంటూ, గ్లాసు ముందు తల ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ ఊపాడు. అవ్వ చూసి, "పావురం లెక్క గా తలకాయ ఊపుడేంది?" అంది. చాయ్ గ్లాసులోనే పడింది. ఒక్క చుక్క కూడా బయట పడలేదు. అవ్వ చాట తీసుకుని వాకిట్లోకి పోయింది. అక్కడ చాలాసేపు ఒక్క బీడీ కూడా చుట్టలేదు.

జూన్ రెండో వారంలో దీక్షిత మా ఇంటికి వచ్చి అడిగింది. భవ్య కెమెరాలు బిగించడానికి రావాలి. పైపులు నిలబెట్టడానికి కాకా రావాలి.

"భవ్యను తోలుతా," అంది అవ్వ. "గీయన ఒద్దు. గా కొండలు, గా రాళ్ళు. ఇంట్ల మెట్లు దిగుడే..." అని ఆగిపోయింది.

బాపు నా వైపు చూశాడు.

"అవ్వ చెప్పింది నిజమే బాపూ, ఒద్దు," అన్నాను నేను. "తాళ్ళు కట్టుడు నువ్వు నేర్పినవు గదా, నేను గడ్తా."

బాపు కాసేపు చేతులు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "నలభై దినాలు నీ మంచు మోసుకొచ్చిన బిడ్డా. అది పుట్టే జాగేదో సూడొద్దా నేను?"

అవ్వ లేచి లోపలికి పోయింది. పెట్టె తెరిచిన చప్పుడైంది. కొద్దిసేపటికి బాపు ఉన్ని మఫ్లరు, తన శాలువా తెచ్చి మంచం మీద పెట్టింది.

రామగుండంలో రైలెక్కాం. ఢిల్లీ, అక్కడి నుంచి బస్సు, ఆ తర్వాత జీపు. అంతా కలిపి నాలుగు రోజులు. కొండ కింద ముప్పై ఇళ్ళ ఊరు. గాలి పలచగా ఉందని రెండు రోజులు అక్కడే ఉంచి, ఒళ్ళు అలవాటు పడ్డాకే పైకి తీసుకుపోయింది దీక్షిత. ఆ రెండు రోజుల్లో బాపు ఊరందరికీ చుట్టమైపోయాడు. పడుచు వయసులో ఆరేళ్ళు బొంబాయి దగ్గరి భివండీలో సాంచెల మీద పనిచేసిన మనిషి. దీక్షిత పుస్తకాల హిందీ కంటే బాపు హిందీయే అక్కడివాళ్ళకు బాగా అర్థమైంది. మేమున్న ఇంటి ముసలామె బాపుకు మాత్రం చాయ్ రెండోసారి పోసేది. వాళ్ళ బఠాణీ చేన్లకు నీళ్ళు ఆ మంచునది నుంచే. ఇప్పుడు వాగు ముందే పొంగి, ఎండల చివరికి సన్నబడుతోందట.

ఆమె బాపును ఏదో అడిగింది. బాపు దీక్షిత వైపు తిరిగి, "గా మంచు ఇంకెన్నేండ్లుంటదని అడుగుతుంది," అన్నాడు.

దీక్షిత తల దించుకుంది. "కొలిస్తెనే తెలుస్తది కాకా. గందుకే వచ్చిన అని చెప్పు."

మూడో రోజు పొద్దున సామాన్లు గుర్రాల మీద పెట్టి బయల్దేరాం. రెండు గంటలు నడిచాక ఒక పాయ అడ్డం వచ్చింది. మోకాలి లోతే గాని తెల్లగా సున్నం కలిపినట్టున్న నీళ్ళు, అడుగు కనిపించదు. గుర్రాలు దాటాయి, గుర్రాలాయన దాటాడు, దీక్షిత రాయి మీంచి రాయి మీదికి గెంతుతూ దాటింది. నేను మొదటి రాయి మీద కాలు పెట్టి వెనక్కి చూశాను. బాపు ఒడ్డునే ఉన్నాడు. తల ఎడమకు ఊపాడు, కుడికి ఊపాడు. మళ్ళీ ఊపాడు. నీళ్ళు కదులుతున్నాయి, వాటి మీద ఎండ కదులుతోంది, ఏదీ నిలవడం లేదు.

"బిడ్డా," అన్నాడు.

"ఆఁ బాపూ."

"ఏ రాయి దగ్గరున్నదో, ఏది దూరమున్నదో నాకు తెలుస్తలేదు." నా వైపు చూసి, "భయమైతుంది," అన్నాడు.

మూడేళ్ళలో బాపు నోట ఆ మాట నేను వినలేదు. ఆమాటకొస్తే పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వినలేదు.

నేను వెనక్కి వచ్చాను. బూట్లు విప్పి మెడలో వేసుకున్నాను. బాపు బూట్ల తాళ్ళు కూడా నేనే విప్పాను. "రాళ్ళ మీదికెల్లి వద్దు బాపూ. నీళ్ళల్లకెల్లి పోదాం. కాలు వెడితె కాలికే తెలుస్తది."

గుర్రాలాయన నీళ్ళు మెల్లగా పారే చోటు చేత్తో చూపించాడు. బాపు నా భుజం మీద చెయ్యి వేశాడు. మొదటి అడుగుకే చలి ఎముకలదాకా దిగింది. కాలు జరిపి, నేల తడిమి, నిలదొక్కుకుని, రెండోది. అవతలి ఒడ్డున దీక్షిత ఊరికే నిలబడింది. జాగ్రత్త అని గాని, రండి అని గాని అనలేదు. నడుమకు పోయేసరికి నాకు కాళ్ళున్నాయో లేవో తెలియలేదు. భుజం మీది చెయ్యి మాత్రం తెలుస్తోంది.

ఒడ్డుకు చేరాక బాపు నన్ను రాయి మీద కూర్చోబెట్టాడు. అవ్వ ఇచ్చిన శాలువాతో నా పాదాలు, వేళ్ళ సందులతో సహా తుడిచాడు. వేడెక్కేదాకా రుద్దాడు. తన కాళ్ళ సంగతి ఆ తర్వాతే చూసుకున్నాడు.

మంచునదికి పక్కన, కదలని బండల మీద ఐదు పైపులు నిలబెట్టడానికి మూడు రోజులు పట్టింది. నేను డబ్బాలు బిగించాను, వైర్లు కలిపాను. బాపు తాళ్ళు లాగి మీటుతూ పోయాడు. రెండో రోజు ఈదురుగాలిలో ఒక తాడు జారింది. "దీక్షితా, జర గది వట్టు!" అని కేక వేశాడు. ఆమె పరుగెత్తి పట్టుకుంది. ఏమని పిలిచాడో బాపు గమనించుకోలేదు. దీక్షిత మాత్రం తాడు పట్టుకునే నా వైపు చూసి నవ్వింది.

ఆఖరి రోజు పని అయిపోయాక బాపు ఒక్కడే బండలు దిగి మంచు అంచు దాకా పోయాడు. మంచు అక్కడ రెండు నిలువుల గోడలాగా ఆగిపోయి ఉంది. మట్టి కొట్టుకుని, నల్లగా, కింద నుంచి నీళ్ళు కారుతూ.

"మన డాబ మీది లెక్కనే ఉన్నది," అని అరిచి చెప్పాడు. "బూడిద జల్లినట్టు."

అని, అరచెయ్యి మంచుకు ఆనించాడు. బర్రె వీపు నిమిరినట్టు నిమిరాడు. అప్పుడే పదకొండయింది. ఐదు కెమెరాలూ టిక్కుమన్నాయి.

"అయ్యో, ఫొటోల బాపు పడ్డడు అక్కా. తీసెయ్యాలె," అన్నాను.

దీక్షిత ఒక కెమెరా కార్డు తీసి తన ఫోనుకు పెట్టి ఆ ఫొటో చూసింది. "ఉండనీ," అంది. "కొలతకు ఒక మనిషి ఉండాలె."

దీక్షిత సెప్టెంబరు చివర మళ్ళీ పైకి పోయి, అక్టోబరులో కార్డులతో మా ఇంటికి వచ్చింది. ఆ వేళకు నేను దుకాణానికి తిరిగి పోతున్నాను. వారానికి మూడు రోజులు బాపు కూడా నాతో బస్సులో వచ్చేవాడు; కెమెరాల స్తంభాలు నిలబెట్టడానికి సేటు ఆయననే పిలిచేవాడు.

ఐదింటిలో ఒక కెమెరా రాళ్ళు జారి పోయింది. ఇంకోదాని అద్దాన్ని ఏదో పక్షి పొడిచి పాడుచేసింది. మూడు మిగిలాయి. మూడు చాలు.

దీక్షిత లాప్‌టాప్‌ను వాకిట్లో మంచం మీద పెట్టింది. ముందు జూన్ నెల. కొండ సందున మంచునది లేచి నిలబడింది. దాని అంచున, గింజంత మనిషి, చెయ్యి చాచి. దీక్షిత తిప్పితే ఆ మనిషి కూడా తిరిగాడు.

తర్వాత సెప్టెంబరు. మంచు గోడ ముప్పై అడుగులు వెనక్కి పోయింది. మీది భాగం మా ఇంటి ఎత్తు కన్నా ఎక్కువ దిగింది. బాపు చెయ్యి ఆనించిన చోట రాళ్ళు, రాళ్ళ మధ్య నీళ్ళు.

"నేను ముట్టుకున్నది పోయిందా?" అన్నాడు బాపు.

"పోయింది కాకా."

బాపు తెర మీది రాళ్ళ వెంట వేలు నడిపాడు. తర్వాత, "గా ముసలమ్మకు చెప్పినవా?" అన్నాడు.

"చెప్పిన. ఊరందరిని కూసోవెట్టి ఇదే బొమ్మ చూపించిన. కొన్నేండ్లు నీళ్ళు ఎక్కువొస్తయి, తర్వాత తగ్గుకుంట పోతయి అని చెప్పిన. చెరువు తవ్వుకుంటమన్నరు. ఎక్కడ తవ్వాలె అని నన్నడిగిన్రు."

"ఆమె ఏమన్నది?"

"చాయ్ పోసింది. మీ కాకా బాగున్నడా అని అడిగింది."

బాపు తల ఊపాడు. అవ్వ చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. తెర మీద ఆ రాళ్ళనూ నీళ్ళనూ వంగి చూసింది. కొంగుతో చేతులకంటిన తంబాకు తుడుచుకుంది.

"వచ్చే ఎండకాలం నేను గూడ వస్త," అంది.

"నీకేం పనే ఆడ?" అన్నాడు బాపు.

"పనేంది? సూసేతందుకు. మొత్తం అయిపోకముందు ఒక్కసారన్న సూడొద్దా?"

బాపు మంచం మీద కొంచెం జరిగి అవ్వకు చోటిచ్చాడు. దీక్షిత బొమ్మను మళ్ళీ జూన్ నెలకు తిప్పింది.